గేర్‌బాక్స్ పోయిందనే ముందు ఎర్త్ వైరు చూడండయ్యా

లక్షన్నర అండి! మా బాబాయి ఆటోమేటిక్ కారుకి గేర్‌బాక్స్ పోయిందంట, పొద్దున్నే షెడ్డు నించి ఫోను. ఇంజన్ మార్చింది వాళ్ళే. మార్చకముందు గేర్లు శుభ్రంగా పడేవి, మార్చాక లివర్ డీలో, అంటే ముందుకెళ్ళే గేర్లో, పెట్టి తొక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ బండి ఒకటే గేర్లో ఈడుస్తుంది. ఎక్కడ తేడా వచ్చిందో చిన్నపిల్లోడైనా చెప్తాడు కదా, మీరు చెయ్యి పెట్టిన చోటే!

పోయిందని ఎలా తెలిసిందయ్యా అంటే స్కానర్ పెట్టాం సార్, పీ0700 వచ్చింది అంటాడు. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఇంకో కోడ్ ఉంది, అక్కడ చదువుకో అని, అంతే. అది చదివే స్కానర్ వీళ్ళ దగ్గర లేదు. లేకపోతే లేదని చెప్పాలి గానీ గేర్‌బాక్స్ దింపేద్దాం అంటారా?

బాబాయేమో "పోనీలేరా, ఇచ్చేద్దాం" అంటాడు. పాలకొల్లు పక్క పల్లెలో వరి పండించుకునే మనిషికి లక్షన్నరంటే ఎంతో వాళ్ళకి తెలీదా? నేను ఒప్పుకోలేదు. మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళా. ఆయన కిందకి దూరి టార్చి వేసి చూస్తే గేర్‌బాక్స్ నించి బాడీకి రావాల్సిన ఎర్త్ వైరు ఊరికే వేలాడుతోంది! ఇంజన్ ఎక్కించినప్పుడు బోల్టు కింద పెట్టలేదు. ఎర్త్ సరిగ్గా లేక సోలెనాయిడ్లకి, అంటే గేర్లు మార్చే కరెంటు వాల్వులకి, కరెంటు అందట్లేదు, గేర్‌బాక్స్ తనని తాను కాపాడుకునే లింప్ మోడ్‌లోకెళ్ళి ఒకే గేర్లో కూర్చుంది. తుప్పు గీకి బిగించి, కోడ్లు చెరిపి రోడ్డెక్కితే గేర్లన్నీ పడ్డాయి.

ఇంజన్ మార్చిన ఆటోమేటిక్ మొరాయిస్తే ముందు చూడాల్సినవి ఇవే కదండీ, ఎర్తులు, కనెక్టర్లు, బ్యాటరీ వోల్టేజీ, గేర్ ఆయిల్. ఆయిల్ కూడా ఇంజన్ ఆపేసి చూశారంట, ఈ బండికి వేడెక్కాక ఇంజన్ ఆన్‌లో ఉంచే చూడాలి. అసలు నా గుండె దడ టార్క్ కన్వర్టర్ గురించి, అదే ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించేది. అది గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ పంపులో పూర్తిగా కూర్చున్నాకే ఇంజన్ని కలపాలి, చేత్తో నెడితే ఇంజనూ గేర్‌బాక్సూ అతుక్కోవాలి, అతుక్కోలేదని బోల్టులేసి లాగితే పంపు పగిలిపోద్ది. ఎర్తే మర్చిపోయినోళ్ళు అది చూసే కలిపారని ఎలా నమ్మమంటారు? అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ పోయేది, ఆ బిల్లూ మా మీదే రాసేవాళ్ళు.

ఇంకో మాట, ఇది ఎప్పట్నించో కడుపులో ఉంది. అసలు ఇంజన్ ఎందుకు మార్చాల్సొచ్చింది? భీమవరంలో వాన పడితే రోడ్డు మీద నీళ్ళు నిలబడి ఇంజన్‌లోకి పోయాయి. ఇన్సూరెన్సు వాళ్ళు ఇంజన్ ప్రొటెక్షన్ యాడాన్, అంటే ఇంజన్ కోసం విడిగా తీసుకునే అదనపు కవరు, లేదుగా అని చేతులు దులుపుకున్నారు. పాలసీ అంటగట్టిన రోజున అలాంటిదొకటి ఉందని ఒక్కడైనా నోరు విప్పాడా? డెల్టాలో బండి కొనేవాడికి ముందు చెప్పాల్సింది అదే కదా!

నీళ్ళెందుకు నిలబడ్డాయో అందరికీ తెలుసు. మురుగు కాలవల్నిండా గుర్రపుడెక్క, పూడిక, నీరు పోయే దారికి అడ్డంగా చేపల చెరువుల గట్లు. సముద్రం ఇంత దగ్గర్లో ఉండి ఊళ్ళో నీరు బయటికి పోదేంటండీ? ఏటా ఊరు మునిగాక ఫొటోలకి వచ్చే పెద్దమనుషులు ఆ పూడికేదో ఎండాకాలంలోనే తీయించండి, చెరువు గట్టు ఎవరిదైనా సరే కొట్టించండి!