డోరు దబ్బుమనాలి

కారు మంచిదో కాదో తేల్చడానికి మన దేశంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ప్రభుత్వానిది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో నడుస్తోంది. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో తీసుకెళ్లి ఓ అడ్డుకు గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మలకు ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో లెక్కగట్టి స్టార్లు ఇస్తారు. ఖర్చు ఎక్కువ, పైగా కారు పోతుంది.

రెండోది మాది. బానెట్ మీద రెండు వేళ్లతో టకటకా కొట్టి, డోరు తీసి, దబ్బున వేసి, చెవి ఒగ్గి వినడం. బండి దగ్గర పుచ్చకాయ ఎంచేటప్పుడు మా నాన్న చేసేదీ ఇదే. పైసా ఖర్చు లేదు. రోజుకి కొన్ని వందల మందిమి వేసినా డోరు కారుకే ఉంటుంది, చాలావరకు.

మొన్న హైదరాబాద్ హైటెక్స్‌లో కార్ల ప్రదర్శనకు నేను వెళ్లింది ఈ రెండో విభాగం తరఫున. కొనడానికి కాదు. కొనే ఉద్దేశం ఉన్నవాడికి నిష్పాక్షికత ఎక్కణ్నుంచి వస్తుంది? ఈఎంఐ ఎంత పడుతుందోనన్న టెన్షన్‌లో వాడికి డోరు చప్పుడే సరిగా వినపడదు. నాకు అలాంటి బలహీనతలు లేవు. నా పాత కారు నాకుంది. దాని ఎడమవైపు వెనక డోరు రెండుసార్లు వేస్తే గానీ పడదు. శబ్దం మీద నాకు శ్రద్ధ మొదలైందే అక్కడ.

ప్రదర్శనకు వెళ్లేటప్పుడు జేబులో అయిదు మీటర్ల టేపు పెట్టుకుంటాను. ఈసారి నెక్సాన్, వెన్యూ, సోనెట్ కొలిచాను. మూడూ 3,995 మిల్లీమీటర్లే. మూడు కంపెనీల ఇంజనీర్లకు ఒకే రాత్రి ఒకే కల వచ్చిందేమో అనుకుంటారు తెలియనివాళ్లు. అసలు సంగతి పన్ను. చిన్న కారంటే నాలుగు మీటర్ల లోపని 2006 బడ్జెట్‌లో గీసిన గీత ఇంకా చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత లోపల ఉండి, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకపోతే జీఎస్టీ 18 శాతం. దాటితే 40. మన బుల్లి ఎస్‌యూవీల వెనక భాగం గొడ్డలితో నరికినట్టు ఉంటుంది చూడండి, ఆ ఘనత డిజైనరుది కాదు, ఆర్థిక శాఖది. ఆ అయిదు మిల్లీమీటర్లు ఎందుకు వదిలారంటే, నంబరు ప్లేటు స్క్రూ కాస్త బయటికొచ్చినా ఇబ్బంది లేకుండా అని నా అనుమానం.

"పార్కింగ్‌లో పడుతుందా లేదా అనా సార్?" అన్నాడు సేల్స్ కుర్రాడు, నా టేపు రెండో కొన పట్టుకుని.

"కాదు బాబూ, నా తృప్తి కోసం."

అతను టేపు వదిలేశాడు.

పక్కనే ఓ పెద్ద ఎస్‌యూవీ. డ్రైవర్ సీట్లో ఒక పెద్దమనిషి స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తున్నాడు. పన్నెండు నిమిషాలు. వెనక మా క్యూ పెరుగుతోంది. మధ్యలో ఇండికేటర్ కూడా వేశాడు, ఎటు తిరుగుతాడో మాకు అర్థం కాలేదు. వెనక సీటుకి వాళ్లమ్మగారిని ఇద్దరు కలిసి ఎక్కించారు. ఎక్కి, ఊపిరి పీల్చుకుని ఆవిడ అన్న మాట: "ఇంటి నుంచి పీట తెచ్చుకోవాలిరా దీనికి." ఆ రోజు హాలు మొత్తంలో నేను విన్న సాంకేతిక విశ్లేషణల్లో అంతకంటే పనికొచ్చేది లేదు. ఎవరూ రాసుకోలేదు.

ఎలక్ట్రిక్ కార్ల దగ్గర మైలేజీ ప్రశ్న పోయి శ్రీశైలం ప్రశ్న వచ్చింది. ఒక్క చార్జింగ్‌తో వెళ్లి రావచ్చా? రానూపోనూ నాలుగొందల కిలోమీటర్ల పైమాట, మధ్యలో ఘాట్.

"బ్రోషర్ ప్రకారం వెళ్లొచ్చండీ."

"బ్రోషర్‌లో ఏసీ వేశారా?"

కుర్రాడు నవ్వి నా ఫోన్ నంబర్ అడిగాడు. అక్కడ ఏ ప్రశ్నకైనా చివర్లో వచ్చే జవాబు అదే. ఇలాంటి సందర్భాల్లో నేను మా బామ్మర్ది నంబర్ ఇస్తాను. ఖాళీగా ఉంటాడు, ఓపిగ్గా మాట్లాడతాడు. ఆరు స్టాళ్లలో ఇచ్చాను.

మూడు వారాలకు వాడే ఫోన్ చేశాడు. "బావా, నాకు కారు కావాలని వీళ్లందరికీ ఎలా తెలిసిందో గానీ, రోజూ ఒకటే ఫోన్లు. మొహమాటం కొద్దీ ఒక షోరూముకి వెళ్లా. బుక్ చేసేశా. శుక్రవారం డెలివరీ. నువ్వొచ్చి ఒకసారి డోరు వేసి చూడాలి."

సరేనన్నాను. టేపు కూడా తెమ్మన్నాడు. కారు గేట్లో పడుతుందో లేదో ఇంకా చూసుకోలేదట.