రాజుగారి పిల్లలు, పిన్ని కమ్మలు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు తొమ్మిదోసారి వచ్చింది. చర్చి గ్రూపులో రెండుసార్లు, డిగ్రీ స్నేహితుల గ్రూపులో మూడుసార్లు, మిగతావి విడివిడిగా. పైన బంగారు అక్షరాలతో "రాజాధిరాజు బిడ్డలు పేదరికంలో బతకరు" అని ఉంటుంది. వెనకాల సూర్యోదయం, కింద ఏడు పాయింట్లు. చివర్లో "నమ్మితే ఆమేన్ అని టైప్ చేసి పన్నెండు మందికి పంపండి, ఆపితే మీ ఆశీర్వాదం ఆగిపోతుంది" అని ఒక బెదిరింపు. ఎనిమిదిసార్లు డిలీట్ చేసి ఊరుకున్నాను. తొమ్మిదోసారి పంపింది చీరాలలో ఉండే మా పిన్ని. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఏడు పాయింట్లకీ ఒకే బరువు లేదు. చిల్లరవి ముందు తేల్చేస్తాను.

మొదటిది: అబ్రాహాము, సొలొమోను ధనవంతులు, కాబట్టి మనమూ కావాలి. అబ్రాహాముకు ఆస్తి లేదని ఎవరన్నారు? మందలున్నాయి, వెండి బంగారాలున్నాయి. అయితే దేవుడు ఇస్తానన్న ఆ దేశంలో ఆయన డబ్బు పెట్టి కొన్నది శారాను పాతిపెట్టడానికి ఒక గుహ, దానితోపాటు ఉన్న పొలం. దానికి నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చాడు. బతికినన్నాళ్లూ గుడారమే. సొలొమోను సంగతి అసలు ఎత్తకుండా ఉంటే బాగుండేది. ఆయన వైభవం కోసం జనం మీద మోపిన కాడి బరువుకి, కొడుకు కాలంలోనే రాజ్యం రెండు ముక్కలైంది.

రెండోది: యేసు కూడా పేదవాడు కాదట! జ్ఞానులు బంగారం తెచ్చారట, అంగీకి కుట్టు లేదట, డబ్బు సంచి మోయడానికి యూదా ఉన్నాడట. బాలింతగా దేవాలయానికి వెళ్లిన ఆయన తల్లి మరియ గొర్రెపిల్లను తేలేక రెండు పక్షులతో సరిపెట్టుకుంది. లేవీయకాండంలో అది లేనివాళ్లకు ఇచ్చిన వెసులుబాటు. పన్ను కట్టమని అడిగితే ఆయన పేతురును చేప నోట్లో నాణెం చూడమన్నాడు. ఇక ఆ సంచిలోంచి యూదా దొంగిలించేవాడని యోహానే రాశాడు. ట్రెజరర్ ఉంటే ధనవంతులైపోయినట్టయితే మా చర్చి యూత్ కమిటీ వాళ్లంతా కోటీశ్వరులే.

మూడోది, 2 కొరింథీ 8:9: "మీరు తన దారిద్ర్యమువలన ధనవంతులు కావలెనని" యేసు దరిద్రుడయ్యాడు. మంచి మాటే. ఆ అధ్యాయం పౌలు ఎందుకు రాశాడో ఒక్కసారి పైకి స్క్రోల్ చేసి చూస్తే చాలు. యెరూషలేములో పేద విశ్వాసుల కోసం చందా పోగు చేస్తూ, తమకే గతిలేని మాసిదోనియ వాళ్లు ఎంతిచ్చారో చెప్పి, మీరూ ఇవ్వండని కొరింథు వాళ్లను అడుగుతున్నాడు. ఇవ్వమని రాసిన ఉత్తరాన్ని పుచ్చుకోమని రాసినట్టు చదవడానికి ప్రత్యేకమైన అభిషేకం ఉండాలి.

నాలుగోది యిర్మీయా 29:11. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డుల పళ్లెం తిరుగుతుంది కదా, అందులో మూడో వంతు ఇదే వాక్యం. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." దానికి ముందు వచనం మాత్రం ఏ కార్డు మీదా ప్రింట్ చేయరు. బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలి అని ఉంటుంది అక్కడ. అంటే, చెరపోయిన యూదులకు రాసిన ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది చెరలోనే పోతారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థించండి అంటాడు యిర్మీయా. ఇది ప్రమోషన్ గురించిన వాక్యం ఎలా అయిందో నాకు అర్థం కాదు. (కార్డుల మాట వచ్చింది కాబట్టి: "లోకములో మీకు శ్రమ కలుగును" అన్నదీ యేసు చెప్పిన మాటే. ఇన్నేళ్లలో ఆ కార్డు ఎవరికీ రాలేదు.)

ఐదోది కొంచెం నెమ్మదిగా చూడాలి. "సంతృప్తి సోమరుల మాట. పౌలు 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అన్నాడు. ఎదగండి, సాధించండి" అని రాశారు. ఈ వాక్యం ఇప్పుడు జిమ్ గోడల మీద, కారు అద్దాల మీద, గ్రూప్స్ కోచింగ్ పిల్లల స్టడీ టేబుళ్ల మీద కనిపిస్తోంది. నేనూ ఒకప్పుడు పరీక్ష ప్యాడ్ మీద అంటించుకున్నవాణ్నే. ఇంతకీ ఆ మాట రాసేటప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. ఫిలిప్పీ వాళ్లు పంపిన సాయానికి కృతజ్ఞత చెబుతూ, పై రెండు వచనాల్లో ఏమన్నాడు? "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను." కడుపు నిండి ఉండడమూ తెలుసు, ఆకలితో ఉండడమూ తెలుసు అన్నాడు. ఆ వెంటనే వస్తుంది "సమస్తమును చేయగలను". ఆ సమస్తంలో పస్తు కూడా ఉంది. సంతృప్తికి విరుగుడుగా వీళ్లు చూపించిన వాక్యమే సంతృప్తి గురించినది.

ఇంకొక్క మాట. "నేర్చుకొని యున్నాను" అన్నాడు. అంటే పుట్టుకతో రాలేదు, బాప్తిస్మంతో రాలేదు. పౌలంతటి వాడికే నేర్చుకోవలసి వచ్చింది. ఇందులో సోమరితనం ఎక్కడుందో, రాత్రింబగళ్లు డేరాలు కుట్టి తన తిండి తాను సంపాదించుకున్న ఆ మనిషినే అడగాలి.

ఇప్పుడు ఆరో పాయింటు. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "విత్తనం వేయనివాడికి పంట రాదు. మీ దగ్గర లేకపోతే అప్పు చేసైనా విత్తండి. నూరంతల ఫలం గ్యారంటీ. రాలేదంటే మీ విశ్వాసంలో లోపం ఉన్నట్టు."

బాబాయికి రెండేళ్లుగా కిడ్నీ సమస్య. పిన్ని బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుతోంది. పోయిన సంక్రాంతి తర్వాత ఒక సభలో "ఈ రాత్రి పదిహేను వేల విత్తనం వేసేవాళ్లు పదిహేను మంది లేవండి" అని పిలిచారట. పిన్ని లేచింది. తెల్లారి తన కమ్మలు తాకట్టు పెట్టి పద్దెనిమిది వేలు తెచ్చింది. పదిహేను వేలు కవర్లో పెట్టి ఇచ్చింది, మూడు వేలు బాబాయి మందులకు ఉంచుకుంది. ఆ కమ్మలు మా అమ్మమ్మవి. తాకట్టు కొట్టువాడిచ్చిన చీటీ బైబిల్లో, సరిగ్గా మలాకీ మూడో అధ్యాయం దగ్గర పెట్టుకుంది. మొన్న వెళ్లినప్పుడు చెవులకు వేపపుల్లలు కనబడితే అడిగాను. "పంట వచ్చేదాకా ఉండనీరా" అంది. ఆరు నెలలు గడిచి పిన్ని ఫోన్ చేస్తే ఆ సభవాళ్లు చెప్పిన జవాబు: "అమ్మా, మీరు సందేహిస్తూ ఇచ్చి ఉంటారు. ఇంకొకసారి విశ్వాసంతో విత్తండి."

నాకు కోపం వచ్చేది ఈ చివరి వాక్యం మీదే. డబ్బు పోయినా మళ్లీ కుట్టుకుని సంపాదించుకుంటుంది. "నీ భర్తకు తగ్గకపోవడానికి కారణం నువ్వే" అని ఒక మనిషి నెత్తిన పెట్టి వెళ్లిపోతే, ఆ బరువు ఏ మిషన్ మీద కుట్టి దించుకోవాలి?

సరే, లెక్కే చూద్దాం. పదిహేను వేలకు నూరంతలు అంటే పదిహేను లక్షలు. వందకు పదివేలు. ఊళ్లో చిట్టీల పేరుతో రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన వాళ్లకు కూడా ఇంత ధైర్యం లేదు. ఆ లెక్క మీద సభలో పిలిచిన ప్రసంగీకుడికే నమ్మకం ఉంటే ఆయనే ఒక పదిహేను వేలు తెచ్చి పిన్ని ఇంట్లో విత్తవచ్చు. పంట ఆయనే కోసుకోవచ్చు, బాబాయికి మందులూ వస్తాయి. ఈ విత్తనం ఎప్పుడూ ఒకవైపే ఎందుకు పడుతుందో!

ఇక "నూరంతలు" అన్న వాక్యం ఎక్కడిది? మార్కు 10. ధనవంతుడైన ఒకతను ఆస్తి అమ్మి బీదలకు ఇవ్వలేక ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయిన తర్వాత యేసు అన్న మాట అది. ఇళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లులు, పిల్లలు, భూములు నూరంతలు అన్నాడు. మధ్యలో "హింసలతో పాటు" అని కూడా ఉంది, ఫార్వర్డ్ చేసేవాళ్ల ఫోన్లలో ఆ ముక్క కనబడదు కాబోలు. ఇళ్లు అక్షరాలా నూరు వస్తే తల్లులూ నూరుమంది రావాలిగా? ఇల్లూ వాకిలీ వదులుకున్నవాడికి సంఘమంతా ఇల్లవుతుందని ఆ మాటకు అర్థం. అలా చూస్తే పిన్ని కమ్మలు విడిపించాల్సిన బాధ్యత సంఘం మీద పడుతుంది. ఆ అర్థం ఏ సభలోనూ వినపడదు.

మలాకీ మూడో అధ్యాయం కూడా చూద్దాం, చీటీ ఉన్నది అక్కడే కాబట్టి. పదో వచనంలో, పదియవ భాగం (రాబడిలో పదో వంతు) తెస్తే ఆకాశపు వాకిళ్లు విప్పుతానన్న మాట. ఐదో వచనంలో, కూలివాళ్లనూ విధవరాండ్రనూ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవాళ్ల మీద నేనే సాక్షిగా నిలబడతాను అంటాడు దేవుడు. అదే పేజీ. ద్వితీయోపదేశకాండం ప్రకారం మూడేళ్లకొకసారి ఆ పదో భాగం లేవీయులతోపాటు పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు తిని తృప్తి పొందాలి. అంటే ఆ నిధి పిన్నిలాంటి వాళ్ల వైపు వెళ్లాలి. తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన బీద విధవరాలి కథకు సరిగ్గా ముందు, "విధవరాండ్ర యిండ్లు దిగమ్రింగుచు" దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి హెచ్చరిక ఉంది. కానుక ఎత్తే ముందు మొదటిది చదువుతారు, రెండోది వదిలేస్తారు.

ఈ సరుకు మన ఊరిది కూడా కాదు. విత్తన విశ్వాసం అనే మాటను అమెరికాలో ఊరూరా తిప్పిన ఓరల్ రాబర్ట్స్, ఎనభై లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని 1987లో టీవీలో చెప్పాడు. అదే దారిలో పేరు తెచ్చుకున్న బెన్నీ హిన్, వెయ్యి డాలర్ల విత్తనం వేయమనే పద్ధతి ఇక తనవల్ల కాదని 2019లో తన నోటితోనే అన్నాడు. అక్కడ అమ్మినవాడే ఒకడు కొట్టు కట్టేస్తానన్న సరుకుకి ఇక్కడ కొత్తగా ఫ్లెక్సీలు కడుతున్నాం.

మేం ఒంగోలు వైపు వాళ్లం కాబట్టి ఒక పాత సంగతి. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి కూలి చేతిలో పెట్టాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇవ్వమని వాళ్లు అడిగినా కరువు సాయం సాగినన్నాళ్లూ ఆపాడు, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన అన్నాన్నీ విశ్వాసాన్నీ అంత జాగ్రత్తగా విడదీస్తే, మనం రెంటినీ కలిపి క్యూఆర్ కోడ్ అంటిస్తున్నాం.

ఇక ఏడోది: "సంతృప్తిగా ఉండమని చెప్పేవాళ్లంతా కడుపు నిండినవాళ్లే."

దీన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. కుదరలేదు. ఇందులో నిజం ఉంది. మా తాత పొగాకు బారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర పని చేసేటప్పుడు కూలి పెంచమంటే, ఉన్నదాంతో తృప్తి పడాలని మీ బైబిల్లోనే ఉంది కదరా అని నవ్వేవాడట ఆసామి. చర్చి లోపల కూడా అంతే. ముందు బెంచీలో కూర్చునేవాళ్లు "అన్నవస్త్రములు గలవారమై యుండి వాటితో తృప్తిపొందియుందము" అని వెనక బెంచీకి చదివి వినిపించడం నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. తరతరాలుగా నీకింతే అని విన్నవాడికి, నువ్వు రాజుగారి బిడ్డవి అని ఎవడో మైకులో అంటే వెన్ను నిటారుగా అవుతుంది. పిన్ని ఆ సభకు ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు. మా చర్చిలో మూడేళ్లుగా ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలవలేదు.

బైబిలు మాత్రం ఆసామి పక్షాన లేదు. "మీ జీతములతో తృప్తిపొందియుండుడి" అని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పింది చేతిలో ఆయుధం ఉండి జనాన్ని పీడించే సిపాయిలకు. చేలు కోసినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి యాకోబు స్వరం మారిపోతుంది: ధనవంతులారా, మీరు బిగపట్టిన ఆ కూలి మొరపెడుతోంది అంటాడు. జీతం పెంచమని అడిగేవాడి నోరు మూయడానికి వాడుకునే సంతృప్తి నాకూ అక్కర్లేదు. కాబట్టి ఏడో పాయింటు రాసినవాళ్లకు వందనాలు. ఆరో పాయింటు రాసింది కూడా వాళ్లే కావడం విచారం.

నా సంగతి కూడా చెప్పాలిగా. పోయినేడు మా అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లు పెద్ద కారు కొన్నాక నేను మూడు వారాలు లోన్ కాలిక్యులేటర్ తెరిచి కూర్చున్నాను. పౌలు నేర్చుకున్నది నేనింకా నేర్చుకోలేదు. అందుకే పిన్ని మెసేజ్‌కు జవాబుగా వాక్యాలు పంపలేదు. ఫోన్ చేసి చీటీ మీద గడువు ఎప్పుడో అడిగాను. ఈ నెల 28 అంది. నేనూ తమ్ముడూ చెరిసగం వేసుకుంటున్నాం, వడ్డీతో కలిపి.

"చూశావా, పంట వచ్చింది" అంది పిన్ని. ఏం చెప్పాలో తోచక బాబాయికి ఫోన్ ఇవ్వమన్నాను.