సవరణ: విదేశం నుంచి వేప్ (ఈ-సిగరెట్) బ్యాగులో వేసుకుని వస్తే ఏమవుతుంది?

సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడల్లో పనికి వెళ్లే కుర్రాళ్ల కోసం నేను ఇదివరకు రాసిన పోస్టులో రెండు మాటలు మార్చాను. ‘సొంతానికి ఒక వేప్ తెచ్చుకోవచ్చు’, ‘నికోటిన్ లేనిదైతే నిషేధం వర్తించదు’ అని అందులో ఉంది. రెండూ తప్పే.

2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సుగా వచ్చి, డిసెంబర్‌లో చట్టమైన ఈ-సిగరెట్ల నిషేధం దిగుమతిని కూడా ఆపింది. సొంత వాడకానికని మినహాయింపేమీ లేదు. మామిడి ఫ్లేవర్ వేసిన, పెన్‌డ్రైవ్‌లా కనిపించే పరికరమైనా, దానిలో విడి భాగమైనా, నికోటిన్ ఉన్నా లేకపోయినా ఒకటే లెక్క. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. పీల్చినందుకని మాత్రం చట్టంలో విడిగా శిక్ష రాయలేదు. పాత పోస్టులో ఉన్న ఆ వాక్యం అలాగే ఉంచాను.

‘బ్రిటన్‌లో షాపులో బిల్లిచ్చి మరీ అమ్ముతున్నారు కదా’ అని ఒకరు అడిగారు. నిజమే, 18 దాటినవాళ్లకు అమ్ముతారు. అక్కడ కూడా వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి ఆపేశారు. ఆ బిల్లు మన కస్టమ్స్ దగ్గర పనికిరాదు.

ఇక శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో సిగరెట్ దర్జాగా దొరుకుతుంటే దీనికే ఎందుకింత పట్టుదల అంటారా? సిగరెట్ మీద పన్ను వస్తుంది, సిగరెట్లు చేసే ఐటీసీ కంపెనీలో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీకి పెద్ద వాటా ఉంది, పొగాకు రైతుకు ఓటు ఉంది. పిల్లలకు అలవాటవుతుందన్న ప్రభుత్వ భయం నిజమైనదే, కానీ కథంతా అదే అంటే నేను నమ్మను.