నేతలకు సన్మానం

తెలుగు నిఘంటుకారులు చేసిన నేరాలన్నింటిలో ఘోరమైనది 'నేత' అనే ఒక్క మాటను ఇద్దరి పేర రాసి చేతులు దులుపుకోవడం. ఒకటి 'నేయు' నుంచి పుట్టిన అచ్చ తెలుగు నేత. రెండోది 'నడిపించువాడు' అనే అర్థంతో సంస్కృతం నుంచి దిగివచ్చిన నేత. మొదటిది గుంటమగ్గంలో కాళ్లు దించి కూర్చుంటుంది, రెండోది వేదిక మీద తప్ప కూర్చోదు. ఈ ఉమ్మడి ఆస్తి తగాదా ఎంతదూరం పోయిందో మొన్న ఆగస్టు 7న కళ్లారా చూశాను.

ఆ రోజు జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే తేదీన కలకత్తా టౌన్‌హాలులో స్వదేశీ ఉద్యమానికి నాంది పలికినందుకు గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. మా ఊరి ఆహ్వానపత్రికలో 'నేతలకు సన్మానం' అని ఉంది. నేసేవాళ్లకు కాబోలనుకొని వెళ్లడం నా అజ్ఞానం. వేదిక మీద పద్నాలుగు కుర్చీలు, పద్నాలుగింటిలోనూ రెండో అర్థమే ఆసీనమై ఉంది. మొదటి అర్థం షామియానా గుంజ పక్కన భార్యతో సహా నిలబడి ఉంది. ఒకరి తర్వాత ఒకరికి శాలువలు కప్పుతూ ఉంటే, ఆ అందించే పని అప్పగించిన నేతగాడు చివరి శాలువ అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది నూలు కాదు సార్, పాలియెస్టరు" అన్నాడు. మైకు అటువైపు లేదు కాబట్టి సభామర్యాదకు భంగం కలగలేదు.

తర్వాత ముఖ్య అతిథి ఫొటో కోసం వేదిక పక్కన బిగించిన మగ్గం ఎక్కారు. "ఎట్లా లాగాలన్నా?" అని అడిగారు గాని జవాబు వినే తీరిక ఆయనకు లేదు. పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా పరిచిన పోగులు, రెండుగా విచ్చుకోకముందే తాడు లాగారు. అడ్డపోగును మోసుకుపోయే నాడె ఆ పోగులను తెంపుకొంటూ పోయి అవతల పడింది. కెమెరాలు మెరిశాయి, చప్పట్లు మోగాయి, 'నేతన్నతో నేత' అనే శీర్షిక అక్కడే పుట్టింది.

ఈ 'అన్న' సంగతి కొంత విచారించవలసి ఉంది. రైతన్న, గీతన్న, నేతన్న: మన భాషలో కష్టానికి కూలి గిట్టనివాడి పేరు చివరనే ఈ చుట్టరికం వచ్చి చేరుతుంది. కాంట్రాక్టరన్న అని, రియల్టరన్న అని ఏ ఫ్లెక్సీలోనైనా చూశారా? డబ్బు ఇవ్వదలచనప్పుడు వరస కలపడం మనవాళ్ల పాత అలవాటు. అదీ సరైన వరస కాదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు సుమారు 35 లక్షలు, అందులో 70 శాతానికి పైగా ఆడవాళ్లు. కండెలు చుట్టేదీ, పోచంపల్లిలో ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, వేల సార్లు చెయ్యి ఆడించి భుజం పోగొట్టుకొన్నదీ ఆవిడే. నేతక్క అనే మాట ఏ పథకానికీ పేరు కాలేదు.

పేరు పెట్టి పిలవకపోయినా ఫరవాలేదు, తిండి పెట్టకపోవడమే నాకు మండిస్తుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి నేసే నూలు మీద పన్ను, నేసిన గుడ్డ మీద పన్ను. 2020 జూలై చివర్లో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసి, రెండు వారాలు గడవకముందే ఆగస్టు 7న అదే చేతులతో శుభాకాంక్షలు పంపారు. సిరిసిల్లలో అప్పులకు తాళలేక ప్రాణాలు తీసుకొన్న మరమగ్గాల కార్మికుల ఇళ్లకూ ఈ వరస కలిపేవాళ్లు వచ్చారు, ఫొటోలు దిగారు, పోయారు. సిగ్గు లేదా అని అడగాలని ఉంది. అడిగితే ఆ మాటకూ రెండో అర్థం చెబుతారు.

సభ ముగిసింది. కార్లు వెళ్లిపోయాయి. షామియానా విప్పేవాళ్లు తొందరపెడుతూ ఉండగా భార్యాభర్తలిద్దరూ మగ్గానికి అటొకరు ఇటొకరు వంగి, తెగిన పోగులను ఒక్కొక్కటే వెతికి పట్టి అతుకుతున్నారు.

"ఎన్ని తెగాయి?" అని అడిగాను.

"ఇంకా లెక్కపెట్టలేదండీ," అంది ఆవిడ తల ఎత్తకుండానే.