మంచం పక్కన కూర్చున్న మనిషికీ పరిహారమా?

ఒకరి తప్పు వల్ల ఒక మనిషి తీవ్రంగా గాయపడ్డాడు. ప్రాణం దక్కింది, కానీ మంచం దిగలేడు. తప్పు చేసినవాళ్లు అతని భార్యకు కూడా విడిగా పరిహారం కట్టాలా అన్నదే ఇక్కడ వాదం.

వాది: కట్టాలి. 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చిన కేసు చూడండి. పెళ్లయి రెండేళ్లు కూడా నిండని యువకుడి తల మీద పనిచోట బరువైన పైపు పడింది. ఛాతీ నుంచి కిందికి శరీరం చచ్చుబడింది. భార్య ఉద్యోగం మానేసింది. వీపు పుండ్లు పడకుండా రాత్రిళ్లు అతన్ని అటూ ఇటూ తిప్పుతూ గడిపింది. గాయం అతనిదే, కాపురం మాత్రం ఇద్దరిదీ. భార్యకు సొంతంగా దావా వేసే హక్కు ఉందని కోర్టు అంది.

ప్రతివాది: ఆమె కష్టాన్ని నేను కాదనను. కానీ వైద్యం, పోయిన జీతం, సంరక్షణ ఖర్చు భర్త కేసులోనే వస్తాయి కదా? ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బెందుకు?

వాది: ఆ ఖర్చులు ఆమె అడగడం లేదు. తోడు, దాంపత్య సుఖం, పిల్లలు పుడతారన్న ఆశ పోయాయి. అవి భర్త లెక్కలో ఎక్కడున్నాయి?

ప్రతివాది: వాటికి ధర ఎవరు కడతారు?

వాది: నొప్పికి, మానసిక వేదనకు కోర్టులు రోజూ కడుతున్నాయి. కష్టమైన లెక్కే, అయినా వదిలేయడం లేదు.

ప్రతివాది: ఇంగ్లాండ్ 1982లో ఈ దావానే రద్దు చేసింది.

వాది: రద్దయింది, భార్య గాయపడితే దావా వేసే భర్త హక్కు. అది భార్య సేవలు భర్త సొత్తు అనుకున్న కాలం నాటిది. అదే హక్కు భార్య అడిగితే 1952లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) కుదరదంది. నాకు బాధ కలిగించేది ఇదే. ఇద్దరినీ సమానం చేయాలంటే ఆమెకూ ఇవ్వాల్సింది, అతనిదీ తీసేశారు. అమెరికాలో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీల్ కోర్టు 1950లోనే భార్యకు ఆ హక్కు ఇచ్చింది.

ప్రతివాది: రేపు తల్లి వస్తుంది, పిల్లలు వస్తారు. గీత ఎక్కడ గీస్తారు?

వాది: పిల్లల విషయం నాకూ తేలలేదు, నిజం చెబుతున్నాను. కానీ ఆ సందేహానికి భార్యను బయట నిలబెట్టలేను.

ప్రతివాది: సరే, భార్యాభర్తల దావాలు రెండూ కలిపి ఒకేసారి విచారించాలంటే ఒప్పుకుంటారా? ఏది ఎవరి నష్టమో అప్పుడే తేలుతుంది.

వాది: ఒప్పుకుంటాను.