పెయ్య దూడను ఉంచుకుంటే కడుపు నిండా పెట్టాలి

గేదె ఈని పెయ్య దూడ పుడితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. నాలుగైదు నెలలు తిరిగేసరికి అదే దూడ భారంగా కనిపిస్తుంది. ఎరువుల షాపు బాకీ ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి, సరిగ్గా అప్పుడే బేరగాడు వస్తాడు. మన పల్లెల్లో చాలా పెయ్యల సంగతి ఇలాగే తేలిపోతోంది. అమ్మడాన్ని నేను తప్పుపట్టను. ఉంచుకుని, కొట్టంలో ఓ మూల కట్టేసి, పాడి గేదెలు తినగా మిగిలిన వరిగడ్డి వేసి పెంచడంలోనే అసలు నష్టం ఉంది.

లెక్క వేసి చూద్దాం. ముర్రా జాతి గేదె దూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలుంటుంది. 300 కిలోలు దాటాకే చూడి కట్టించాలి. రోజుకు 400 గ్రాములు పెరిగితే అక్కడికి చేరడానికి 675 రోజులు చాలు. 250 గ్రాములే పెరిగితే 1,080 రోజులు పడుతుంది. చూడి కాలం మరో 310 రోజులు. ఎద దొరకడంలో ఆలస్యం లేదనుకున్నా, మొదటిది 33 నెలలలోపే పాలకు వస్తుంది, రెండోది దాదాపు 46 నెలలకు. అంటే పదమూడు నెలల మేత, చాకిరీ చుక్క పాలు లేకుండానే పోయాయి. చవకగా పెంచామనుకున్న పడ్డ (ఎదిగిన పెయ్య) మీదే ఎక్కువ ఖర్చయిందన్నమాట.

ఈ తేడాకు పునాది మొదటి మూడు నెలల్లోనే పడుతుంది. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలా ఆపకూడదు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగించాలి, మొదటి రోజు మొత్తంమీద దూడ బరువులో పదో వంతు, అంటే మూడు లీటర్లు పట్టాలి. జున్ను చుట్టాలకు పంపడం తర్వాతి మాట. పది రోజులకు ఏలికపాముల మందు, 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారి బ్రూసెల్లా (చూడి పశువు ఈసుకుపోయే జబ్బు) టీకా తప్పనిసరి. మొదటి మూడు నెలలూ సగటున రోజుకు రెండు లీటర్లు దూడకు వదిలితే 180 లీటర్లు. లీటరు 60 రూపాయలనుకుంటే 10,800 రూపాయలు. అంత వదులుకోలేని ఇల్లు ఆ దూడను త్వరగా అమ్మేయడమే మేలు, దూడకూ అదే మంచిది.

ఇక ఏ దూడను ఉంచుకోవాలి? అందాన్ని, కొమ్ముల వంపును చూసి కాదు, తల్లి చరిత్ర చూసి తేల్చాలి. ఈనిన కొత్తలో పది లీటర్లిచ్చి నాలుగో నెలకే తగ్గిపోయే గేదె కంటే, ఏడు లీటర్లతో చివరిదాకా నిలకడగా ఇచ్చి, త్వరగా మళ్లీ చూడి కట్టే గేదె పెయ్య విలువైనది. సూది వేయించినప్పుడు ఏ దున్న వీర్యమో రాసిపెట్టుకోవాలి. ఆవుల్లోనైతే కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య పదింట తొమ్మిది సార్లు గొడ్డే అవుతుంది. నాలుగు గేదెల కొట్టానికి ఏడాదికి ఒక మంచి పెయ్య చాలు. అన్నిటినీ ఉంచుకుంటే మేత ఎవరికీ సరిపోదు.

అమ్మేసి తర్వాత పాడి గేదెను కొనుక్కుందామనే ఆలోచన తేలికగా అనిపిస్తుంది. సంతలో ఒక పూట పాలు పిండకుండా పొదుగు నింపి చూపడం పాత మాయే. వరుసగా మూడు పూటలు ఎదుట పాలు పిండించుకోకుండా కొంటే మోసపోవచ్చు. హర్యానా నుంచి లారీలో వచ్చిన గేదె మన ఎండకు, మన మేతకు అలవాటు పడేదాకా పాలు తగ్గితే అప్పు వాయిదా టెన్షన్ రైతుదే. ఇంట్లో పెరిగిన పడ్డ తల్లి ఎవరో, ఎప్పుడు జబ్బు పడిందో ఆ ఇంటి ఆడవాళ్లకు తెలుసు.

అందుకే ప్రభుత్వాలు పాడి గేదెల కొనుగోలుకు ఇచ్చే సబ్సిడీలో కొంత పెయ్యల మేతకు మళ్లించాలి. ఉమ్మడి రాష్ట్రంలో సునందిని పథకం కింద పెయ్య దూడలకు సబ్సిడీ దాణా ఇచ్చేవారు. పశువు చెవికి వేసే పోగు మీద 12 అంకెల నంబరు ఇప్పుడు ఎలాగూ ఉంది. ఆ నంబరు మీదే దూడ బరువు నమోదు చేసి, బాగా పెరుగుతున్న పెయ్యకు రెండేళ్లపాటు దాణా అందిస్తే బేరగాడు వచ్చిన రోజు కాదనే ధైర్యం రైతుకు వస్తుంది.