ముప్పు కాక్‌పిట్‌లోనే పుట్టదు

2020 ఆగస్టు 7 రాత్రి. దుబాయ్ నుంచి కోజికోడ్ వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం, రన్‌వే దాదాపు సగం అయిపోయాక గానీ నేలను తాకలేదు. వాన కురుస్తోంది, వెనుక నుంచి గాలి తోస్తోంది. కొండను చదును చేసి కట్టిన ఆ రన్‌వే చివర లోయ ఉంది. విమానం అందులోకి జారి ముక్కలైంది. కరోనా కాలంలో పరాయి దేశంలో చిక్కుకుపోయి, ఎలాగో ఇల్లు చేరబోతున్నవారు అందులో ఉన్నారు. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు.

దర్యాప్తు నివేదిక ఏడాది తర్వాత వచ్చింది. దిగే తీరు నిలకడగా లేకపోయినా, ‘గో అరౌండ్’ అని, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని కో పైలట్ హెచ్చరించినా కెప్టెన్ ఆగలేదని, అదే ప్రధాన కారణమని తేల్చింది. పదేళ్ల ముందు, 2010 మేలో మంగళూరులో 158 మంది ప్రాణాలు తీసిన ప్రమాదమూ అచ్చం ఇలాంటిదే. అదే సంస్థ, అదే దుబాయ్ నుంచి, కొండ మీద అలాంటి రన్‌వే, పట్టించుకోని అదే హెచ్చరిక. రెండుచోట్లా తప్పు చేశాడన్న మనిషి తప్పుతోపాటే పోయాడు. చట్టం పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

నిజంగా ఎవరూ మిగల్లేదా? కోజికోడ్ నివేదికనే ఇంకాస్త ముందుకు చదవాలి. వ్యవస్థాగత లోపాల పాత్రను విస్మరించలేమని అందులోనే ఉంది. ఆ సంస్థ కోజికోడ్ స్థావరంలో 26 మంది కో పైలట్లుంటే, శాశ్వతంగా నియమించిన కెప్టెన్ ఒక్కరే. మర్నాడు ఉదయం మరో విమానం నడపాల్సినది కూడా ప్రమాదానికి గురైన విమానం కెప్టెనే. వేరే ఊళ్లో దిగిపోతే తెల్లవారి ఆ విమానం కదలదు. ఆ ఒత్తిడి తలలో ఉన్న మనిషి వానలో రెండోసారి దిగే ప్రయత్నం చేశాడు. కెప్టెన్ల కొరతను అతను సృష్టించలేదు. ఏదో కార్యాలయంలో, ఏదో డ్యూటీల జాబితా మీద, ఎవరో ‘ఇలా సర్దుకుపోదాం’ అనుకున్నారు.

మరొకటి ఇంకా బాధాకరం. ఆ రన్‌వే మీద తడి ఉన్నప్పుడు వెనుక గాలితో దిగడం ప్రాణాంతకమని పౌర విమానయాన భద్రతా సలహా కమిటీ సభ్యుడొకరు 2011 జూన్‌లోనే రాతపూర్వకంగా హెచ్చరించారు. తొమ్మిదేళ్ల తర్వాత విమానం సరిగ్గా అలాగే, ఆ దిక్కు నుంచే దిగింది. ఆ కాగితం ఏ బల్లల మీదుగా వెళ్లింది, ఎవరు చదివి పక్కన పెట్టారు అన్న ప్రశ్నకు ఏ కోర్టులోనూ జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మన చట్టంలోనే ఆ వెసులుబాటు ఉంది. 1934 నాటి విమానాల చట్టం, మనుషులకు గానీ ఆస్తికి గానీ ముప్పు కలిగేలా ‘ఉద్దేశపూర్వకంగా’ విమానం నడిపినవారికి రెండేళ్ల వరకు జైలు అంది. 2020 సవరణతో జరిమానా కోటి రూపాయల దాకా పెరిగింది. 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. పేరు మారింది గానీ శిక్ష చూపు మాత్రం విమానం నడిపిన మనిషి మీదే ఉంది. పైగా ఈ నేరాలపై కోర్టు విచారణ చేపట్టాలంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వంటి సంస్థ అధిపతి ఫిర్యాదు గానీ ముందస్తు రాతపూర్వక అనుమతి గానీ ఉండాలి. 2022లో దేవఘర్ విమానాశ్రయంలో చీకటి పడ్డాక టేకాఫ్‌కు ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణపై ఇద్దరు ఎంపీల మీద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఇదే మాట చెప్పింది. పోలీసులు సేకరించినది అధీకృత అధికారికి పంపవచ్చు, ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆయన తేల్చాలి. మరి హెచ్చరికను పక్కన పెట్టింది నియంత్రణ వ్యవస్థే అయితే? తన మీద కేసుకు తానే అనుమతి ఇవ్వాలి!

బయటివాడి విషయంలో మాత్రం మనం చురుకుగానే ఉంటాం. 2024 అక్టోబరులో విమానాలకు వందలకొద్దీ ఉత్తుత్తి బాంబు బెదిరింపులు వచ్చాయి. ఆ ఏడాది ముగిసేలోపే భద్రతా నిబంధనలు సవరించారు. మంచిదే. ఆ వేగం లోపలివారి విషయంలో కనిపించదు.

పరిహారం సంగతి వేరు. 1999 మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. అంతర్జాతీయ ప్రయాణికుడు మరణిస్తే ఒక పరిమితి దాకా సంస్థ తప్పును నిరూపించాల్సిన పని లేదు. కానీ అది ప్రయాణికులకే. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలినప్పుడు నేల మీద ఉండి ప్రాణాలు పోగొట్టుకున్న 19 మందికి ఆ రక్షణ లేదు.

2002 జులైలో జర్మనీలోని ఉబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది, అందులో ఎక్కువగా రష్యా పిల్లలు, మరణించారు. ఆ విమానాలకు దారి చూపాల్సిన జ్యూరిచ్ కంట్రోల్ గదిలో ఆ రాత్రి ఒక్క కంట్రోలరే పని చేస్తున్నారు, రెండో ఉద్యోగి విశ్రాంతికి వెళ్లారు. ఇది అక్కడ యాజమాన్యం చూసీచూడనట్టు వదిలేసిన అలవాటు. మరమ్మతుల కోసం ప్రధాన ఫోను లైను కూడా ఆపారు. భార్యాపిల్లలను కోల్పోయిన ఒక వ్యక్తి 2004లో ఆ కంట్రోలర్‌ను పొడిచి చంపాడు. కోర్టు మాత్రం అంత సులువైన దారి ఎంచుకోలేదు. 2007లో స్విస్ న్యాయస్థానం ఆ కంట్రోల్ గదిని నడిపే సంస్థకు చెందిన నలుగురిని దోషులుగా తేల్చింది. వారిలో ముగ్గురు మేనేజర్లు. జైలు శిక్షలు అమలు నిలిపి ఉంచినవే అయినా, ఒక్కడినే కూర్చోబెట్టి వెళ్లడం నేరమేనని తీర్పులోకి ఎక్కింది.

పైలట్ల మీద కేసులు పెంచమని నేను అడగడం లేదు. తాను చేసిన పొరపాటును తానే చెప్పే మనిషిని జైలుకు పంపితే రేపు ఎవరూ ఏదీ చెప్పరు, ఆ మౌనం కూడా ప్రాణాలు తీస్తుంది. రాతపూర్వక హెచ్చరిక చేతికి అందాక కూడా ముప్పును కొనసాగనిచ్చిన అధికారికి, యాజమాన్యానికి ప్రమాదం జరగకముందే చట్టపరమైన బాధ్యత ఉండాలని అడుగుతున్నాను. కేసుకు అనుమతి నిరాకరిస్తే కారణాలు రాసి బాధిత కుటుంబాలకు ఇవ్వాలి. ఆ కారణాలను కోర్టు పరిశీలించే వీలుండాలి.

2025 జులై 1 నుంచి పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, నవంబరు 1 నుంచి ఒక పైలట్ రాత్రిపూట విమానం దింపడానికి ఉన్న పరిమితి ఆరుసార్ల నుంచి రెండుకు తగ్గింది. అలసట ప్రాణాంతకమని ఒప్పుకున్నాకే ఈ నిబంధనలు వచ్చాయి. మంగళూరు కెప్టెన్ ఆ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడని నివేదికే చెప్పింది కదా. ఆ ఏడాది డిసెంబరులో, ఈ నిబంధనలకు తగ్గ ఏర్పాట్లు లేక ఇండిగో విమానాలు పెద్దఎత్తున రద్దయి విమానాశ్రయాలు కిక్కిరిసిపోయాయి. అంతే, రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ సంస్థకు తాత్కాలిక మినహాయింపు వచ్చింది. శ్రీకాకుళం బిడ్డ రామ్మోహన్ నాయుడే ఇప్పుడు విమానయాన మంత్రి, ఆయన శాఖను అడుగుతున్నాను. ఆ మినహాయింపు ఇచ్చేముందు ముప్పును ఎవరు అంచనా వేశారు? ఆ అంచనా కింద ఎవరి పేరుంది? ఆ కాగితాన్ని ఇప్పుడే, అందరూ క్షేమంగా ఉన్న రోజునే బయట పెట్టాలి.